చింతకొన దాకా

విరిగిన గాలం రాడ్డు ముక్కలు రెండూ కౌంటరు మీద పెట్టి, వాటి పక్కనే ఓ లారీ నట్టు పెట్టింది కనక. నట్టు పిడికిలంత ఉంది. దానికి ఇనప తీగ చుట్టి, ఆ తీగకి పోయిన సంతలో కొన్న మెరుపు చేపబొమ్మ ఎరను వేలాడగట్టింది.

"ఇదేటమ్మా ఇది?" అంది ప్రసన్న.

"దూరం పోవాలని కట్టినాను."

పోకేం! చేపబొమ్మ కంటే రాడ్డే ముందు పోయి ఉంటుంది. ప్రసన్నకి నవ్వొచ్చింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. చింతపల్లి సంతవీధిలో వలలు, తాళ్ళు, గాలాలు అమ్మే కొట్టు ఆమెది. లంబసింగిలో మంచు చూడ్డానికొచ్చే జనం కనిపించిన నీళ్ళలోనల్లా ఫొటోల కోసం గాలం వెయ్యడం మొదలెట్టాక, రాడ్లూ రీళ్ళూ కూడా తెప్పిస్తోంది. పోయిన సంతకి ఈ కొండమనిషి వచ్చి గాలం కర్ర కావాలంటే, అందరికీ ఇచ్చేదే ఇచ్చింది. ఎర్ర రీలు, ఆరడుగుల సన్న రాడ్డు. ఏ చేపకి, ఎంత దూరానికి అని అడగలేదు. సంతరోజున అంత ఓపిక ఎవరికుంటుంది?

రాడ్డు పిడి దగ్గర చిన్న అంకెల్ని గోటితో చూపించింది. "ఇక్కడ రాసుంటాది. ఐదు గ్రాముల నించి పదిహేను గ్రాముల దాకా. ఇది మోసే ఎర బరువు అంతే. దీనికి నట్టు కడితే విరగదా?"

"మీరు సెప్పనేదు కదమ్మా."

కోపం లేకుండా అంది. కోపంగా అని ఉంటే ప్రసన్న నాలుగు మాటలు అనేసి ఊరుకునేది. ఆ కోపం లేకపోవడమే ఇబ్బందిగా ఉంది. నవ్వు మానేసి, స్టూలు మీంచి లేచింది.

"సరే. ఏ చేప కోసం? వాలుగా? కొర్రమీనా?"

"సేప కోసం కాదు. మా ఇంటాయన కోసం."

"ఆయన వేస్తాడా? అలాగైతే ఆయన్నే తీసుకురా. మనిషి ఎత్తు చూసి ఇవ్వాల కర్ర."

"ఆడు నీళ్ళలో ఉన్నాడమ్మా," అంది కనక.

బయట సంత గోల గోలగానే ఉంది. ఎవరో పసుపుకొమ్ములు గోనెలోకి కుమ్మరిస్తున్నారు. కనక ఎడమచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టి ఉంది, దారం కోసిన చోట రక్తం ఎండి నల్లబడింది. ప్రసన్న ఆ వేలినే చూస్తూ, కూర్చోమన్నట్టు స్టూలు ఇటు జరిపింది. కనక కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

జర్రిగెడ్డ రిజర్వాయరులో చేపలు లీజుకు తీసుకున్న కాంట్రాక్టరు దగ్గర పడవ నడిపేవాడు ఆమె భర్త బుధు. వానల్లో ఓరోజు పడవేసుకుపోయి తిరిగి రాలేదు. పడవా రాలేదు. పడవనీ మోటారునీ అమ్ముకుని పారిపోయాడన్నాడు కాంట్రాక్టరు. స్టేషన్లోనూ అదే రాయించాడు. ఆ నీళ్ళ అడుగున పాత ఊరొకటుంది. ఆ ఊరి చింతచెట్టు కొన ఎండిపోయి ఇప్పటికీ నీళ్ళ నడుమ నిలబడి ఉంటుంది. దాని కొమ్మకి బుధు తువ్వాలు చిక్కుకుని ఉంది. ఊళ్ళో అందరూ ఒడ్డు నించి చూశారు. 'పారిపోయేవాడే మిమ్మల్ని నమ్మించడానికి కట్టి పోయాడు' అని దానికీ ఓ జవాబు చెప్పాడు కాంట్రాక్టరు. వెతుక్కుంటామని తెప్పలు కడితే తెప్పలు లాగేసుకున్నాడు. వల వెయ్యకూడదు, నీళ్ళలో దిగకూడదు. టికెట్టు కొన్న టూరిస్టులు మాత్రం ఒడ్డునుంచి గాలం వేసుకోవచ్చు.

"మావోళ్ళలో సగం మంది ఆడి మాటే నమ్మినారు. దొంగోడి పెళ్ళాన్ని అంటారు నన్ను. వొచ్చే వారం కందికొత్త. కొత్త కందులొండి పెద్దలందరికీ పేరుపేరునా ఆకుల్లో పెడతారు. సచ్చినోళ్ళకి ఆకుంటాది, బతికున్నోళ్ళకి కంచముంటాది. మా ఆయనకి రెండూ నేవు."

అక్కడి పద్ధతి ఒకటుంది. నీళ్ళలో పోయిన మనిషి శవం దొరక్కపోతే, అతను పోయిన చోటినుంచి ఏ ప్రాణి మొదట చేతికొస్తే ఆ ప్రాణిని కొత్తకుండలో ఇంటికి తెస్తారు. చేప కావచ్చు, రొయ్య కావచ్చు. ఊరి పూజలు చేసే దిసారి బియ్యం వేసి పేరు పిలుస్తాడు. బియ్యం ముట్టిందంటే ఆ మనిషి ఇంటికొచ్చినట్టే. పారిపోయినవాడు కాదు, పోయినవాడు. ఊరు అతనికి ఆకు వేస్తుంది. అయితే ఆ ప్రాణి ఒడ్డునున్న నీళ్ళలోది కాకూడదు. పోయిన చోటిదే కావాలి.

"అంటే చింతకొన దాకా విసరాల," అంది ప్రసన్న.

"దాని కోసమే నట్టు కట్టినానమ్మా."

ఇలాంటి మాటల్ని ప్రసన్న నమ్మదు. నమ్మనని చెప్పడం కూడా చేతకాలేదు. చేతనైన పని ఒక్కటే, రాడ్లున్న గోడ వైపు తిరిగింది.

ఏడడుగుల రాడ్డు ఒకటి తీసి, కొసని నేలకి ఆనించి వంచింది. "చూడు. విసిరినప్పుడు ఎర బరువు రాడ్డుని వంచాల. వంగిన రాడ్డు మళ్ళీ లేచి ఎరని కొట్టాల. మెత్తటి రాడ్డుకి ఎక్కువ బరువు కడితే వంగిపోతాదే గాని లేవదు. మరీ గట్టి రాడ్డుకి తక్కువ బరువు కడితే అసలు వంగదు, ఎర కాళ్ళ దగ్గరే పడతాది."

"జత కుదరాల," అంది కనక.

"అదే. రీలు కూడా అంతే. చిన్న రీలైతే దారం నసుగుతూ వస్తాది. పెద్ద చుట్టైతే జారిపోతాది. నువ్వేసిన తంగూసు దారం లావు, గాలికి ఆగిపోతాది. ఇదిగో, ఇది అల్లిక దారం. సన్నం, కానీ తెగదు. నీ వేలు తెగుతాది, సైకిలు ట్యూబు ముక్క చుట్టుకో."

చెబుతూ చెబుతూ తనే ఆగిపోయింది. గోడకున్న రాడ్లలో ఏదీ ఆ దూరానికి చాలదు. తొమ్మిదడుగులు దాటిన రాడ్డు కొండల్లో ఎవరు కొంటారని తెప్పిస్తుంది? ఉన్నదొకటే. అటక మీద, గోనెగుడ్డలో చుట్టి ఉంది. భీమిలి ఒడ్డున నిలబడి సముద్రంలోకి విసరడానికి ఆమె తండ్రి రామారావు కొనుక్కున్నది. ఆయన పోయాక ఎవరూ దించలేదు. అది ఆయన చేతికి తప్ప ఎవరి చేతికీ ఇవ్వకూడదని ప్రసన్న అనుకునేది. ఇప్పుడు స్టూలెక్కి దించింది. రెండు ముక్కలూ బిగించి, దుమ్ము తుడిచి, పెద్ద రీలు తగిలించింది. రాడ్డు మీద రాసిన అంకెలకి సరిపోయేలా బరువైన సీసపు చేప ఒకటి ఏరింది, వెనక్కి లాగితే ఈదుతున్నట్టు ఊగేది.

"ఇది అమ్మను. పని చూసుకుని వచ్చే సంతకి తెచ్చియ్యి."

కొట్టు వెనకాల ఖాళీ మైదానంలో, ఎవరికీ తగలకుండా గాలాలు ఊడదీసి, విసరడం చూపించింది. రీలు మీది తీగ ఎత్తాలి, దారాన్ని వేలితో నొక్కాలి, రాడ్డు తల దాటుతుండగా వేలు వదలాలి. కనకకి ఆ వదలడం వెంటనే పట్టుబడింది. జొన్నచేలో మంచె మీద నిలబడి ఒడిసెలతో పిట్టల్ని కొట్టిన చెయ్యి అది. సీసపు చేప మైదానం దాటి, అవతల గేదెల మధ్య పడింది. గేదెలు బెదిరాయి. కనక మొదటిసారి నవ్వింది, వెంటనే తప్పు చేసినట్టు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"నేను కూడా వస్తాను," అంది ప్రసన్న. రాడ్డు మీద బెంగతో వస్తున్నానంది. అది సగమే నిజం.

*

రిజర్వాయరు దగ్గర మంచు ఇంకా విడలేదు. జీపు దిగి కాఫీ తోటల్లోంచి నడిచి వచ్చేసరికి ప్రసన్న చీర మోకాళ్ళ దాకా తడిసింది. నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. బురద కాస్తా మెత్తబడి, మరింత మెత్తబడి, చప్పుడు చేస్తే అవి నీళ్ళని అర్థం. దిసారి సోంబరు అప్పటికే వచ్చి, కొత్తకుండ ముందు పెట్టుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ముసలాయన. ప్రసన్నని చూసి తల ఊపాడు.

మంకీ క్యాపు పెట్టుకున్న కాంట్రాక్టరు వాచరు ఈల ఊదుకుంటూ వచ్చాడు. ఆ ఈల అటు కొండకి తగిలి, ఇటు కొండకి తగిలి, రెండుసార్లు తిరిగొచ్చింది.

"టూరిస్టులా?" అన్నాడు ప్రసన్న స్వెట్టరు చూసి.

"అవును. టికెట్టియ్యి."

ఇచ్చాడు. ఆ తర్వాతే కనకని గుర్తుపట్టాడు. "నువ్వా! నీ మొగుడు పారిపోతే నీళ్ళలో ఎతుకుతావేటి? ఆడొక్కడేనా? ఏటేటా ఎవడో ఒకడు పారిపోతానే ఉంటాడు. మీ కొండోళ్ళకీ ఆ ఒడిసా కూలోళ్ళకీ కాలు ఒక్క కాడ నిలవదు."

"టికెట్టు కొన్నాను కదా, ఇక నోరు మూసుకుని ఎల్లు," అంది ప్రసన్న. అతను వెళ్ళలేదు. పక్కన రాయి మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

మంచు ఎత్తేదాకా ఆగారు. మంచు మెల్లగా నీళ్ళ మీంచి పైకి లేచింది, ముందు కిందిభాగం ఖాళీ అయింది. ఆ సందులో దూరంగా చింతకొన కనిపించింది. ఎండిన కొమ్మలు నాలుగు, నీళ్ళలోంచి చెయ్యెత్తినట్టు. ఒకదానికి తువ్వాలు. వానకీ ఎండకీ తెల్లబడిపోయిన తువ్వాలు. గాలి లేదు, అయినా దాని కొస కదులుతోంది. ప్రసన్నకి అక్కడికి రాకుండా ఉండాల్సిందనిపించింది.

దిసారి లేచి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి పిలిచాడు.

"ఓ బుధూ! రారా! ఇంటికి పోదాం రారా!"

ఈల తిరిగొచ్చింది. ప్రసన్న మాటలు తిరిగొచ్చాయి. వాచరు దగ్గు కూడా రెండు కొండల నించీ వినిపించింది. బుధు పేరు మాత్రం తిరిగి రాలేదు. ముసలాయన మళ్ళీ పిలిచాడు. నీళ్ళ మీదికి పోయిన పేరు పోయినట్టే పోయింది. వాచరు బీడీ నోట్లోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇసురు," అన్నాడు దిసారి.

మొదటి విసురు కురచైంది. రెండోది పక్కకి పోయింది. కనక మోకాళ్ళ లోతు బురదలో కాళ్ళు నిలదొక్కుకుని, వేలికి చుట్టిన ట్యూబు ముక్క పళ్ళతో బిగించి, వొళ్ళంతా వెనక్కి వంచి విసిరింది. పొడుగు రాడ్డు వంగి, లేచింది. సీసపు చేప మెరుస్తూ పోయింది, పోతూనే ఉంది, మంచు కింద చిన్నదై కనిపించకుండా పోయింది. రీల్లోంచి దారం జారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. నీళ్ళలో పడ్డ చప్పుడు రావాలి. ప్రసన్న ఎదురుచూసింది. అంత బరువు పడితే వినిపించి తీరాలి. వినిపించలేదు. ఎవరో పైనే అందుకున్నట్టుగా దారం ఓ క్షణం ఆగి, తర్వాత మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది.

"చుట్టు. మెల్లగా," అంది ప్రసన్న.

కనక చుట్టింది. గుంజుడు లేదు. చేప పడితే రాడ్డు కొస కొట్టుకుంటుంది, చెట్టుకి చిక్కితే బిగిసిపోతుంది. ఇది రెండూ కాదు. ఆమె చుట్టినంత వస్తోంది, ఆగితే ఆగుతోంది. వెనకాలే నడిచి వచ్చే మనిషిలా.

ఒడ్డుకొచ్చిన సీసపు చేపకి పాచి చుట్టుకుని ఉంది, తల వెంట్రుకల్లా పొడుగాటి పాచి. దాని మధ్య ఓ పీత ఉంది. చిన్నది, పాలిపోయినది, బొడ్డుమల్లె పువ్వంత. గాలానికి గుచ్చుకోలేదు. అంత దూరమూ ఆ సీసాన్ని తనంతట తాను పట్టుకుని వచ్చింది, కుడి డెక్కతో. ఎడమ డెక్క లేదు.

కనక మోకాళ్ళ మీద కూలబడింది. "మా ఆయనదీ ఎడం సెయ్యేనమ్మా. కాఫీ మిషన్లో రెండు వేళ్ళు పోనాయి," అంది, ఏడుస్తూ, కుండ నోరు దానికి అందిస్తూ. పీత సీసాన్ని వదిలి కుండలోకి దిగింది.

వాచరు అక్కడ లేడు. ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు.

*

ఊరు ఊరంతా కనక ఇంటి ముందు నిలబడి ఉంది. దొంగోడి పెళ్ళాం అన్నవాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు, తమాషా ఎక్కడున్నా వాళ్ళదే ముందు వరస. ఇంట్లో నడుమ గుంజ ఉంది. ఆ ఇంటి పెద్దలుండే చోటు అది. దాని మొదట్లో కుండ పెట్టి, నీళ్ళ మీద బియ్యపుగింజలు కొన్ని వదిలాడు దిసారి. గింజ మునిగిపోకుండా ఆకుముక్క మీద వదిలాడు.

ముందు ఆ ఇంట్లో పోయిన మిగతావాళ్ళ పేర్లు పిలిచాడు. బుధు తాత, తల్లి, చిన్నప్పుడే పోయిన చెల్లెలు. పీత అడుగున రాయిలా ఉంది. పొరపాటున గింజని తాకితే లెక్కకి రాదు కాబట్టి ముందు వేరే పేర్లు పిలిచి చూడాలి.

"బుధూ," అన్నాడు.

పీత లేచింది. కుండ గోడ పట్టుకుని ఎక్కి, ఆకుని ఒక్క లాగు లాగి, గింజని నోట్లో పెట్టుకుంది. మళ్ళీ ఇంకో గింజ. మళ్ళీ ఇంకోటి. జనంలోంచి ఒక్క ఊపిరి వచ్చింది, ఆ తర్వాత ఏడుపులు. కనకని దొంగోడి పెళ్ళాం అన్న ముసలమ్మ అందరికంటే ముందు వచ్చి ఆమెని కావిలించుకుంది.

దిసారి మాత్రం నొసలు ముడేసుకుని కుండలోకే చూస్తున్నాడు.

"ఏటైంది తాతా?" అంది ప్రసన్న మెల్లగా.

"ఇంటోడు గింజ ముట్టి వొదిలేస్తాడమ్మా. ఈడు తినేస్తన్నాడు. సానా ఆకలి మీదున్నాడు."

ఆయన ఆ మాట ఇంకెవరికీ వినపడనివ్వలేదు. కనకకి ఆకు దొరికింది కదా, ఇక చాలనుకున్నాడేమో. కందికొత్త దాకా కుండ అక్కడే ఉంటుందని, పొద్దూ మాపూ అంబలి చుక్క పొయ్యాలని చెప్పి లేచాడు.

ప్రసన్న జీపెక్కేటప్పుడు కనక ఆమె రెండు చేతులూ పట్టుకుంది. రాడ్డు సంతకి తెస్తానంది, బురద కడిగి తెస్తానంది. ప్రసన్న సరే అంది. దారంతా ఆమె కళ్ళ ముందు ఒకటే కదిలింది, ఆ ఒంటి డెక్కతో సీసాన్ని పట్టుకున్న పట్టు. ఎవరి పట్టయినా అలా ఉంటే విడిపించడం కష్టం.

*

మళ్ళీ సంతరోజు. పొద్దెక్కాక కొట్టు ముందుకి ఓ మనిషి వచ్చి నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది. భుజాన సంచి, కాళ్ళకి ఎర్రదుమ్ము. ముందుగా వీధికి రెండు వైపులా చూసి, అప్పుడు నీడలోకి వచ్చాడు.

"అమ్మా, జర్రిగెడ్డ కాంట్రాక్టరు మనుషులు సంతకొచ్చినారా ఏటి?"

"నాకేం తెలుసు? ఏం కావాల?"

"ఆళ్ళు నేకపోతే జీపెక్కుదారని," అంటూ కౌంటరు మీద చెయ్యి ఆనించాడు. ఎడమచెయ్యి. చివరి రెండు వేళ్ళూ లేవు.

ప్రసన్న ఆ చేతిని చూసింది. తర్వాత మొహం చూసింది. మళ్ళీ చేతిని చూసింది. కొట్టులో వేలాడుతున్న వలలన్నీ ఒక్కసారిగా మీదికి వంగినట్టనిపించి, స్టూలు అంచు పట్టుకుంది.

"నీ పేరేటి?"

"బుధు."

అతనికి ఆమె ఎందుకంత భయపడుతోందో అర్థం కాలేదు. నీళ్ళడిగాడు. ఇచ్చింది. తాగాడు, గుటకలు వినిపించాయి, గడ్డం తడిసింది. అవన్నీ ప్రసన్న ఒక్కొక్కటే గమనించింది. ఎక్కడికి పోయావని అడిగితే చెప్పాడు. పాతఊరి మీదుగా పోతుంటే గాలివాన. చింతకొమ్మ గుచ్చుకుని పడవ పగిలింది. మోటారు మునిగింది, ఫోను మునిగింది. అవతలి ఒడ్డుకి ఈదాడు. తిరిగి వెళ్తే కాంట్రాక్టరు చావగొట్టి, ఆ పడవకి బదులు జన్మంతా పని చేయించుకుంటాడు. భయపడి అలాగే కొండ దాటి, లారీ పట్టుకుని, రొయ్యల చెరువుల్లో పనికి పోయాడు.

"కందికొత్త కదమ్మా. ఉండబట్టనేదు."

అతనికి ఎలా చెప్పాలి? చెప్పాల్సిన మాటలు ప్రసన్న లోపల కూడదీసుకుంటూ ఉండగానే గుమ్మంలో వెలుగు తగ్గింది. కనక వచ్చింది. భుజం మీద గోనెగుడ్డలో చుట్టిన పొడుగు రాడ్డు. కడిగి, ఆరబెట్టి, పదిలంగా తెచ్చింది.

ఆమె అతన్ని చూసింది. చూసి, అరవలేదు. పక్కన కుక్క పడుకుని ఉంటే తప్పుకుని వచ్చినట్టుగా అతన్ని తప్పుకుని వచ్చి, రాడ్డు కౌంటరు మీద పెట్టింది. అతను "కనకా" అన్నాడు. ఆమె అటు తిరగలేదు. ప్రసన్న వైపే చూస్తూ, చాలా మెల్లగా అడిగింది.

"అమ్మా, మీకూ కనిపిస్తన్నాడా?"

ప్రసన్న బుధు వైపు ఇంకోసారి చూసింది. "కనిపిస్తున్నాడు," అంది. "మనిషే కనకా. బతికే ఉన్నాడు. ఇప్పుడే నీళ్ళు తాగాడు."

కనక అప్పుడు తిరిగింది. మొహం చూడలేదు, ముందు కాళ్ళు చూసింది. వంగి, అతని పాదం మీది దుమ్ముని వేలితో ముట్టి, ఆ వేలిని రుద్ది చూసుకుంది.

"ఎండున్నాడు," అంది. "ఇంట్లో ఆడు తడిగా ఉంటాడమ్మా. గుంజ కాడ కూకుంటాడు. పొద్దున్నే నేల తడిసుంటాది. మొకం ఇటు తిప్పడు. సిగ్గనుకున్నాను. ఈ పొద్దు కూడా అంబలి పోసి, ఎల్లొస్తానని సెప్పి వొచ్చినాను."

"ఆడెవుడే?" అన్నాడు బుధు.

అప్పుడు పడింది దెబ్బ. చెంప మీద ఒకటి, భుజం మీద ఒకటి, ఆ తర్వాత లెక్కలేకుండా. కొడుతూ ఏడ్చింది, ఏడుస్తూ తిట్టింది. బతికుండి కూడా ఓ కబురు పంపలేని మొగుణ్ణి ఏమనాలో అవన్నీ అంది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. బుధు ఒక్క దెబ్బా తప్పించుకోలేదు. ఆమె అలిసిపోయాక, ప్రసన్న అతనికి పీత సంగతి చెప్పింది. పిలిచిన పేరు తిరిగి రాకపోవడం, ఎడమ డెక్క లేకపోవడం, గింజ మీద గింజ తినడం, అన్నీ.

బుధు ముందు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

"సుకురు," అన్నాడు.

"ఎవడాడు?" అంది కనక.

"ఒడిసా గుంటడు. నాకు ముందు ఆ పడవ ఆడే నడిపినాడు. ఎడం సెయ్యి పడిపోయిన సెయ్యి, ఒంటిసేత్తోనే తెడ్డేసేవాడు. ఓ దినం నీళ్ళలోకి పోయి రానేదు. వల ఎత్తుకుని పారిపోనాడని కాంట్రాక్టరు సెప్పినాడు. పారిపోయుంటాడులే అనుకున్నాం. ఆడి పని నాకిచ్చినాడు."

కనక చెంగుతో మొహం తుడుచుకుంది.

"పారిపోయినోడివి నువ్వు," అంది. "పారిపోయినాడన్నోడు అక్కడే పడున్నాడు. ఎన్నాళ్ళనించి పిలిసేవోళ్ళు నేక ఉన్నాడో. ఎవరి పేరెట్టి పిలిసినా వొచ్చీసినాడు."

"ఆణ్ణి ఇంట్లోంచి పంపీయాల కనకా."

"ఎక్కడికి పంపుతావు? నువ్వు కూకో, నేదంటే ఎల్లు. ఆకలితో వొచ్చినోణ్ణి నేను పంపను. రేపు ఆడి పేరెట్టి, ఆడికి ఆకేస్తాను. ఆళ్ళ ఊరేదో తెలిసేదాకా నా గుంజ కాడే ఉంటాడు."

ఆమె వెళ్ళడానికి కదిలింది. గుమ్మం దగ్గర ఆగింది. వాచరు ఆ రోజు అన్న మాట ఏదో గుర్తొచ్చినట్టుంది, ఏటేటా ఎవడో ఒకడు అన్నది. ప్రసన్నకీ అదే గుర్తొచ్చింది.

"మావా," అంది కనక, అతను వచ్చాక మొదటిసారి అలా పిలుస్తూ. "ఆ కాంట్రాక్టరు కాడ ఎంతమంది పారిపోనారు?"

బుధు తల ఎత్తాడు. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, బొటనవేలితో ఒక్కో వేలే ముడుస్తూ పేర్లు తలుచుకున్నాడు. సుకురు. వాడికి ముందు పనిచేసినవాడు. వల వేసే చోట ఉండే అన్నదమ్ములు. ఎడమచేతి వేళ్ళు చాలలేదు. కుడిచేతికి మారాడు.

ప్రసన్న ఇక ఆ చేతిని చూడలేకపోయింది. అటు తిరిగి, గోడకున్న డబ్బాలోంచి బరువైన సీసపు చేపలు అన్నీ తీసి, కాగితంలో చుట్టింది. పొట్లాన్ని కౌంటరు మీద, పొడుగు రాడ్డు పక్కన పెట్టింది.

కనక పొట్లం అందుకుంది. రాడ్డు తీసి మళ్ళీ భుజాన పెట్టుకుంది.